మహమ్మారి కాలంలో ఆసుపత్రి ల్యాబు: చాండ్లర్ అనుభవం

మహమ్మారి వస్తే ఆసుపత్రి ల్యాబుకు పని పెరుగుతుందని అందరూ అనుకుంటారు. కోవిడ్-19 కాలంలో అమెరికా ల్యాబుల్లో జరిగింది అంత తేలిగ్గా చెప్పగలిగేది కాదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో మొత్తం పరీక్షల సంఖ్య పడిపోయింది. తగ్గినవి రాబడి తెచ్చే మామూలు రక్తపరీక్షలు. వాటి స్థానంలోకి వచ్చినవి ఖరీదైన సరుకు, శిక్షణ పొందిన చేతులు, కొత్త యంత్రాలు కోరే పరీక్షలు. వాటికి ఎవరు ఎంత చెల్లిస్తారో మొదటి వారాల్లో తేలనే లేదు. పని భారం, డబ్బు కటకట ఒకేసారి రావడమే ఈ కథలో అసలు సంగతి. ఆరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్ నగరం, దాని చుట్టూ ఉన్న ఫీనిక్స్ ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. ఆరిజోనా 2020 వేసవిలో ఒకసారి, 2021 జనవరిలో మరోసారి జనాభా నిష్పత్తిలో కొత్త కేసుల లెక్కన దేశంలోనే ముందు వరసలో నిలిచింది.

ఊరు, ఆసుపత్రులు

చాండ్లర్ మారికోపా కౌంటీలో, ఫీనిక్స్‌కు ఆగ్నేయంగా ఉంది. అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ అనే పశువైద్యుడు 1912లో వేసిన ఊరు ఇది. ఎడారిలో కాలువ నీటితో పత్తి పండించిన ఈ పల్లెటూరు ఇప్పుడు ఇంటెల్ చిప్ ఫ్యాక్టరీలకు, మైక్రోచిప్ టెక్నాలజీ ప్రధాన కార్యాలయానికి నెలవు. 2020 జనగణనలో జనాభా 2,75,000 దాటింది. ఆ ఫ్యాక్టరీల వల్ల, వాటి చుట్టూ పెరిగిన సాఫ్ట్‌వేర్ కొలువుల వల్ల తెలుగు కుటుంబాలు ఇక్కడ గణనీయంగా స్థిరపడ్డాయి.

ఊళ్ళో పెద్దాసుపత్రి చాండ్లర్ రీజనల్ మెడికల్ సెంటర్. 1961లో చిన్న ఆసుపత్రిగా మొదలైన దీన్ని ఇప్పుడు లెవెల్ 1 (అత్యున్నత స్థాయి) ట్రామా సెంటర్‌గా డిగ్నిటీ హెల్త్ నడుపుతోంది. డిగ్నిటీ 2019లో ఒక కేథలిక్ ఆసుపత్రుల సంస్థతో కలిసి కామన్‌స్పిరిట్ హెల్త్‌గా ఏర్పడింది. రెండోది బ్యానర్ ఒకోటియో మెడికల్ సెంటర్. 124 పడకలతో 2020 నవంబరులో, అంటే రెండో కెరటం లేస్తుండగానే, తలుపులు తెరిచింది. కొత్త ఆసుపత్రి ల్యాబు మొదటిసారి పని మొదలుపెట్టేందుకు అంతకన్నా కష్టమైన నెల దొరకదు. ఈ ప్రాంతంలో బయటి రోగుల పరీక్షల్లో పెద్ద వాటా సోనోరా క్వెస్ట్ లేబొరేటరీస్‌ది. బ్యానర్ హెల్త్, క్వెస్ట్ డయాగ్నస్టిక్స్ కలిసి పెట్టిన సంస్థ అది.

ఈ రెండంచెల ఏర్పాటు గురించి ముందే చెప్పుకోవాలి. ఆసుపత్రిలోపలి ల్యాబు అత్యవసర పరీక్షలు చేస్తుంది: గుండెపోటు అనుమానమైతే ట్రోపోనిన్, రక్తంలో ఆక్సిజన్, రక్తం గ్రూపు, క్రాస్ మ్యాచ్. ఆగగలిగినవి, అరుదైనవి బయటి రిఫరెన్స్ ల్యాబుకు వెళ్తాయి. మామూలు రోజుల్లో ఇది పొదుపైన పద్ధతి. మహమ్మారిలో బయటి ల్యాబు మునిగిపోగానే భారమంతా వెనక్కి ఆసుపత్రి మీదే పడింది.

పరీక్ష లేని వారాలు

ఆరిజోనాలో తొలి కేసు 2020 జనవరి 26న బయటపడింది. ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఆ వ్యక్తి అమెరికా మొదటి ఐదు కేసుల్లో ఒకరు. అప్పటికి శాంపిల్ అట్లాంటాలోని కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి పంపడం తప్ప వేరే దారి లేదు. ఫిబ్రవరి మొదట్లో సీడీసీ రాష్ట్రాలకు పంపిన కిట్లలో ఒక భాగం సరిగా పనిచేయలేదు. వైరస్ లేని నీళ్ళలో కూడా సంకేతం చూపించింది. ఫిబ్రవరి 29న మందులు, పరీక్షల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన సడలించేదాకా ఆసుపత్రి ల్యాబులకు తాము తయారుచేసుకున్న పరీక్షలు వాడటానికి వీల్లేకపోయింది. యంత్రాల కంపెనీల పరీక్షలకు మార్చి నుంచి వరసగా అనుమతులు వచ్చాయి: మార్చి రెండో వారంలో రోష్ కోబాస్, మూడో వారంలో సెఫీడ్ జీన్‌ఎక్స్‌పర్ట్, 27న అబాట్ ఐడీ నౌ.

ఇంతలో రాష్ట్ర గవర్నర్ డగ్ డ్యూసీ మార్చి 19న అత్యవసరం కాని శస్త్రచికిత్సలు ఆపమని ఆదేశించారు. మాస్కులు, గౌన్లు మిగల్చడానికి తీసుకున్న నిర్ణయం అది. మోకాలి మార్పిడి, శుక్లాల ఆపరేషన్, కొలొనోస్కోపీ ఆగిపోయాయి. వాటితోపాటు వాటి ముందూ వెనకా జరిగే రక్తపరీక్షలు, బయాప్సీలు కూడా ఆగాయి. జనం డాక్టర్ దగ్గరకు వెళ్ళడమే మానేశారు. మార్చి చివరి రెండు వారాల్లో తమ పరీక్షల సంఖ్య 40 శాతానికి పైగా పడిపోయిందని క్వెస్ట్ ప్రకటించింది. దేశంలో కొన్ని ల్యాబులు ఒక గదిలో సిబ్బందిని జీతం లేని సెలవు మీద పంపుతూ, పక్క గదిలో వైరస్ జన్యువును పట్టే పీసీఆర్ పరీక్ష తెలిసినవాళ్ళ కోసం వెతుక్కున్నాయి. హిస్టాలజీ టెక్నీషియన్‌ను రాత్రికి రాత్రి మాలిక్యులర్ టెక్నీషియన్‌గా మార్చలేరు. బయటినుంచి చూసేవాళ్ళకు ఈ సంగతి తట్టదు.

ఒక శాంపిల్ వెంట

భారం ఎక్కడ పడుతుందో తెలియాలంటే ఒక ముక్కు శాంపిల్ వెంట నడవాలి. నర్సు తీసిన స్వాబ్ గులాబీ రంగు ద్రవమున్న గొట్టంలో పడుతుంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉంచితే 72 గంటలు నిలుస్తుంది. ఫీనిక్స్ ప్రాంతంలో 2020లో 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్, తాకిన రోజులు 53. అప్పటికి అది రికార్డు. పార్కింగ్ లాట్లలో కార్ల వరసల్లో తీసిన శాంపిళ్ళకు ఐస్ పెట్టె తప్పనిసరి ఖర్చయింది.

గొట్టం ల్యాబుకు చేరాక అసలు చాకిరీ మొదలవుతుంది. లేబుల్ మీది పేరు, పుట్టినతేదీ ఆర్డరుతో కలవాలి. కలవకపోతే ఫోన్ కొట్టాలి. మూత సరిగా బిగించక కారిన గొట్టం పక్కన పెట్టాలి. బయోసేఫ్టీ క్యాబినెట్‌లో చేతులు పెట్టి ఒక్కో మూతా విప్పి, కొంత ద్రవాన్ని మరో గొట్టంలోకి తీయాలి. ముక్కు చీమిడి చిక్కగా ఉంటే పిపెట్ చివర మూసుకుపోతుంది, యంత్రం తప్పు చూపిస్తుంది, మళ్ళీ మొదటికి రావాలి. ఆ తర్వాత ఆర్‌ఎన్‌ఏ వేరుచేయడం, దాన్ని డీఎన్‌ఏగా మార్చి 40 దాకా ఆవృతాల్లో రెట్టింపు చేయడం. 96 గుంటల ప్లేటులో రెండు మూడు గుంటలు కంట్రోళ్ళకు పోతాయి. చేత్తో చేసే పద్ధతిలో ప్లేటుకు నాలుగైదు గంటలు పడుతుంది. రోష్ 8800 లాంటి పెద్ద యంత్రం ఎనిమిది గంటల్లో వెయ్యికి పైగా ఫలితాలు ఇవ్వగలదు. జీన్‌ఎక్స్‌పర్ట్ కార్ట్రిడ్జ్ ముప్పావు గంటలో ఒక్కటే ఇస్తుంది, కానీ అనుభవం తక్కువున్న టెక్నీషియన్ కూడా దాన్ని నడపగలడు.

యంత్రం వేగం ఎంతున్నా మూతలు విప్పేది మనుషులే. గంటకు వంద గొట్టాల మూతలు తిప్పే బొటనవేలి నొప్పి ఏ బడ్జెట్ పట్టికలోనూ కనిపించదు.

చాలా ల్యాబులు మూడు నాలుగు కంపెనీల యంత్రాలు ఒకేసారి నడపాల్సి వచ్చింది. అందులో మోజేమీ లేదు. కంపెనీలు పరీక్ష రసాయనాలైన రీయేజెంట్లను వారానికింత అని కోటా వేసి పంపాయి. ఒకరి కోటా అయిపోతే మరొకరి యంత్రం మీద పడాలి. యంత్రం మారిన ప్రతిసారీ అది సరిగా కొలుస్తోందో లేదో చూసే వేలిడేషన్ చేయాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, నాణ్యత కంట్రోళ్ళు నడపాలి, ఫలితాలు ఆసుపత్రి కంప్యూటర్‌లోకి వెళ్ళేలా కొత్త లంకె వేయించాలి. ఒక యంత్రం మీద వెయ్యి పరీక్షలు చేయడానికి, నాలుగు యంత్రాల మీద రెండు వందల యాభై చొప్పున చేయడానికి ఖర్చులో బోలెడంత తేడా ఉంది.

2020 వేసవి

మే 1 నుంచి ఆరిజోనా ఆసుపత్రులు తిరిగి శస్త్రచికిత్సలు మొదలుపెట్టాయి. మే 15న ఇంటిపట్టునే ఉండమన్న ఆదేశం గడువు తీరింది. జూన్ నాటికి కేసులు ఎగబాకాయి. ఫీనిక్స్ పశ్చిమాన మేరీవేల్‌లో పరీక్ష కోసం కార్లు ఎండలో గంటల తరబడి నిలిచాయి. జూలై మధ్యలో రాష్ట్ర ఆసుపత్రుల్లో కోవిడ్ రోగులు 3,500 దాటారు. ఐసీయూ పడకలు తొంభై శాతానికి పైగా నిండాయి. అంతకు ముందు నెలల్లోనే నవాహో నేషన్ అనే ఆదివాసీ ప్రాంతం నుంచి ఎందరో రోగులను విమానాల్లో, అంబులెన్సుల్లో ఫీనిక్స్ ప్రాంతానికి తెచ్చారు. ఏ ఆసుపత్రిలో పడక ఉందో చూసి రోగులను పంచే ఆరిజోనా సర్జ్ లైన్ ఆ వసంతంలోనే పుట్టింది. పడకల పంపకానికి అలాంటి ఏర్పాటు కుదిరింది. రీయేజెంట్ల పంపకానికి మాత్రం కుదరలేదు.

ల్యాబుకు రోజుకు వెయ్యి పరీక్షలు చేసే శక్తి ఉండి, 1,200 వస్తున్నాయనుకుందాం. పది రోజుల్లో 2,000 గొట్టాలు పేరుకుంటాయి, ఫలితం రెండు రోజులు ఆలస్యమవుతుంది. ఇరవై రోజులకు అది నాలుగు రోజులు. రద్దీ తగ్గాక కూడా ఆ పాత బాకీ తీర్చేదాకా ఆలస్యం కొనసాగుతుంది. జూలై 13న క్వెస్ట్ ఇలాంటి స్థితినే ఒప్పుకుంది: ఆసుపత్రి రోగులు, శస్త్రచికిత్సకు ముందు పరీక్షలు మినహా మిగిలినవారికి ఫలితం సగటున ఏడు రోజులు దాటుతోందని చెప్పింది. ఏడు రోజులకు వచ్చిన ఫలితం మనిషిని విడిగా ఉంచడానికి ఎందుకూ పనికిరాదు, దానికైన ఖర్చు మాత్రం ఒకటే. నా లెక్కలో ఆ వేసవిలో జరిగిన అతి పెద్ద వృథా ఇదే.

జూలైలో గవర్నర్ 'ఆపరేషన్ కాటపుల్ట్' ప్రకటించారు. సోనోరా క్వెస్ట్ ఆ నెలాఖరుకు రోజుకు 35,000, ఆగస్టు చివరికి 60,000 పరీక్షల స్థాయికి చేరాలన్నది లక్ష్యం. పరికరాలకు రాష్ట్రం 20 లక్షల డాలర్లు ఇచ్చింది. పక్క ఊరు టెంపేలో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ బయోడిజైన్ ఇన్‌స్టిట్యూట్ మే నెలలోనే లాలాజల పరీక్ష మొదలుపెట్టింది. రోగే గొట్టంలో ఉమ్మి ఇస్తాడు కాబట్టి స్వాబ్ కొరత, నర్సు కొరత రెండూ తప్పాయి. విచిత్రమేమంటే, కాటపుల్ట్ శక్తి పెరిగే సమయానికి కెరటం దిగిపోవడం మొదలైంది. యంత్రం కొని, బిగించి, వేలిడేట్ చేయడానికి పట్టే వారాలు, కెరటం లేచి పడటానికి పట్టే వారాలు దాదాపు సమానం. అయితే జనవరి కెరటానికి ఆ శక్తి పనికొచ్చింది. ఆసుపత్రుల్లో కోవిడ్ రోగులు 5,000 దాటిన ఆ నెలలో ల్యాబులు జూలైలో లాగా కూలబడలేదు. ఐసీయూల స్థితి మాత్రం జూలై కన్నా ఘోరం.

అనేకుల శాంపిళ్ళు కలిపి ఒకే పరీక్ష చేసే పూలింగ్ పద్ధతిని కొందరు మందుగా చూశారు. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అమెరికా సైనికుల సిఫిలిస్ పరీక్షల కోసం ప్రతిపాదించిన ఉపాయం అది. భారత వైద్య పరిశోధన మండలి 2020 ఏప్రిల్‌లోనే ఐదేసి శాంపిళ్ళకు అనుమతిచ్చింది. ఎఫ్‌డీఏ జూలై 18న క్వెస్ట్‌కు నాలుగేసికి ఇచ్చింది. నూరు మందిలో ఒకరికే వ్యాధి ఉంటే ఐదేసి కలిపితే సుమారు 25 పరీక్షలతో సరిపోతుంది. నూటికి 25 మందికి ఉంటే నాలుగింట మూడొంతుల గుంపులు పాజిటివ్ వచ్చి, విడివిడిగా మళ్ళీ చేయాల్సి రావడంతో లెక్క 96కు చేరుతుంది. ఆ జూలైలో ఆరిజోనా పాజిటివ్ శాతం 20 దాటి ఉంది. అవసరం ఎక్కువగా ఉన్నచోటే ఈ పొదుపు పనిచేయదు.

లోయ జ్వరం

చాండ్లర్ ల్యాబులకు మరో తలనొప్పి ఉంది. హైదరాబాద్‌లోనో న్యూయార్క్‌లోనో దాని ఊసే ఉండదు. అది వ్యాలీ ఫీవర్. కాక్సిడియాయిడీస్ అనే శిలీంధ్రం ఎడారి మట్టిలో ఉంటుంది. దుమ్ముతో లేచిన బీజాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే జ్వరం, దగ్గు, అలసట, న్యుమోనియా. అమెరికాలో నమోదయ్యే కేసుల్లో మూడింట రెండొంతులు సాధారణంగా ఆరిజోనావే. లక్షణాలు చూసి దీన్ని కోవిడ్ నుంచి వేరు చేయడం కష్టం. ఎక్స్‌రే కూడా అయోమయంలో పడేస్తుంది.

కోవిడ్ నెగటివ్ అని తేలిన దగ్గు రోగికి ఇక్కడ పని అయిపోదు, రెండో పని మొదలవుతుంది. ముందు ఎంజైమ్ ఇమ్యునోఅస్సే, ఆ తర్వాత ఇమ్యునోడిఫ్యూజన్, కాంప్లిమెంట్ ఫిక్సేషన్ లాంటి యాంటీబాడీ పరీక్షలు. కొన్ని రోజులు పడుతుంది. జబ్బు తొలి వారాల్లో ఇవి నెగటివ్ రావచ్చు, అప్పుడు మళ్ళీ చేయాలి. ఈ శిలీంధ్రం కల్చర్ ప్లేటులో మొలకెత్తితే అది ల్యాబు సిబ్బందికే ప్రమాదం. కాబట్టి శ్వాసకోశ కల్చర్ ఏదైనా జాగ్రత్తగా తెరవాలి. ఒక దగ్గుకు రెండు రకాల రక్షణ, రెండు వరసల పరీక్షలు. కోవిడ్ మీదే అందరి చూపూ ఉన్న రోజుల్లో వ్యాలీ ఫీవర్ నిర్ధారణ వెనకబడే ప్రమాదముందని ప్రజారోగ్య నిపుణులు పదే పదే హెచ్చరించారు.

సరుకు కరువు

స్వాబుల్లో ప్రపంచ మార్కెట్‌ను అప్పట్లో నడిపినవి ప్రధానంగా రెండే కంపెనీలు: ఇటలీ బ్రెషియాలోని కోపాన్, అమెరికా మెయిన్ రాష్ట్రంలోని ప్యూరిటన్. బ్రెషియా ఉన్న లొంబార్డీ అప్పుడు తానే కోవిడ్ మంటల్లో ఉంది. మార్చి మధ్యలో అమెరికా వైమానిక దళం విమానంలో ఐదు లక్షల స్వాబులు ఇటలీ నుంచి మెంఫిస్‌కు తెచ్చింది.

స్వాబులు దొరికాక పిపెట్ టిప్పులు కరవయ్యాయి. ఆ టిప్పులూ, ఆ యంత్రాలూ క్లమిడియా, గనోరియా పరీక్షలకూ వాడేవే. 2020 సెప్టెంబరులో ఆ కిట్ల కొరత గురించి సీడీసీ దేశమంతటికీ లేఖ రాయాల్సి వచ్చింది. కోవిడ్ రోగికి రక్తం గడ్డకట్టే తీరు చూడటానికి డి-డైమర్ పదే పదే చేస్తారు. దానికి లేత నీలం మూత గల సిట్రేట్ గొట్టం కావాలి. 2021 జూన్‌లో ఎఫ్‌డీఏ ఆ గొట్టాలను కొరత జాబితాలో చేర్చింది. 2022 జనవరికి అన్ని రకాల రక్తసేకరణ గొట్టాలూ అందులోకి వచ్చాయి. అదే జనవరిలో అమెరికన్ రెడ్ క్రాస్ దేశంలో రక్త సంక్షోభం ప్రకటించింది. అనవసర రక్తపరీక్షలు రాయొద్దని ఆసుపత్రులు డాక్టర్లకు నోటీసులు పెట్టాయి. ఏళ్ళ తరబడి ల్యాబు డైరెక్టర్లు బతిమాలినా జరగని పొదుపు గొట్టాల కరువు పుణ్యమా అని జరిగింది.

డబ్బు లెక్క

అమెరికా ఆసుపత్రుల్లో పడకలో ఉన్న రోగికి చేసే పరీక్షకు వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ విడిగా డబ్బివ్వదు. జబ్బును బట్టి మొత్తం చికిత్సకు ఒక ముద్ద సొమ్ము ఇస్తుంది. అందులోనే ల్యాబు కూడా. ఐసీయూలో రోజూ చేసే ఫెర్రిటిన్, సీఆర్‌పీ, బ్లడ్ గ్యాస్, కల్చర్లు ల్యాబు పద్దులో ఖర్చు వైపే ఉంటాయి. రాబడి వైపు ఉండేవి బయటినుంచి వచ్చి చేయించుకునే పరీక్షలు. 2020 వసంతంలో ఆగిపోయినవి సరిగ్గా అవే. అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ ఆ ఏడు మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలల్లో దేశంలోని ఆసుపత్రుల నష్టాన్ని 20,260 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది.

అప్పటికే ల్యాబులు బక్కచిక్కి ఉన్నాయి. 2014 నాటి పామా చట్టం ప్రకారం మెడికేర్ ల్యాబు రేట్లు 2018 నుంచి మూడేళ్ళపాటు ఏడాదికి పది శాతం దాకా కోతపడ్డాయి. 2021లో మరో కోత రావాల్సింది. 2020 నాటి కోవిడ్ సహాయ చట్టమైన కేర్స్ దాన్ని వాయిదా వేసింది. మిగులు మనుషులు, మిగులు యంత్రాలు దండగ ఖర్చన్న ఆలోచన దశాబ్దంగా పాతుకుపోయింది. ఉన్న యంత్రాలకు పూర్తి పని ఉంటే మామూలు ఏడాదిలో అది సామర్థ్యం, మహమ్మారిలో అదే గండం. రద్దీ ఇంచుమించు శక్తికి సమానమైతే కొద్దిపాటి పెరుగుదలకే వరస కట్టలు తెంచుకుంటుంది.

కోవిడ్ పీసీఆర్‌కు మెడికేర్ మొదట సుమారు 51 డాలర్లు ఇచ్చింది. కంపెనీలు, ల్యాబులు గగ్గోలు పెట్టాక 2020 ఏప్రిల్ 14న పెద్ద యంత్రాల మీద చేసేవాటికి 100 డాలర్లు చేసింది. 2021 జనవరి 1 నుంచి దాన్ని చీల్చింది: 75 డాలర్లు అందరికీ, రెండు రోజుల్లో ఫలితమిస్తే మరో 25. ఆలస్యానికి ధర కట్టిన తెలివైన నిబంధన అది. జూలై వరసలు కట్టకముందే వచ్చి ఉంటే మరీ బాగుండేది. చేత్తో చేసే చిన్న ల్యాబుకు, చిన్న కార్ట్రిడ్జ్ యంత్రం వాడే ఆసుపత్రికి మాత్రం ఆ 100 వర్తించలేదు. రేటు అర్హతను నిర్ణయించింది యంత్రం పరిమాణం. అత్యవసర విభాగంలో అర్ధరాత్రి చేసే పరీక్ష ఆ తూకంలో తేలిపోయింది.

ప్రైవేటు బీమా కథ వేరు. ల్యాబుతో ఒప్పందం లేకపోతే, ల్యాబు వెబ్‌సైట్‌లో పెట్టిన నగదు ధర మొత్తం బీమా కంపెనీ చెల్లించాలని కేర్స్ చట్టం చెప్పింది. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ 2020లో పెద్ద ఆసుపత్రుల ధరలు చూస్తే ఒకే పరీక్షకు 20 డాలర్ల నుంచి 850 దాకా కనిపించాయి.

ఆసుపత్రికి అసలు డబ్బు పరీక్షలో లేదు, పరీక్ష తెరిచే తలుపులో ఉంది. మేలో శస్త్రచికిత్సలు మళ్ళీ మొదలైనప్పుడు రోగికి ముందుగా కోవిడ్ నెగటివ్ కావాల్సి వచ్చింది. వంద డాలర్ల లోపు స్వాబ్ ఆగితే వేల డాలర్ల ఆపరేషన్ ఆగేది. కోవిడ్ ఇన్‌పేషెంట్‌కు మెడికేర్ 20 శాతం అదనంగా ఇచ్చేది. 2020 సెప్టెంబరు 1 నుంచి రోగి ఫైల్లో పాజిటివ్ ల్యాబు ఫలితం ఉంటేనే ఆ అదనం అంది. బీమా లేనివారికి ఫెడరల్ ప్రభుత్వం చెల్లించిన పథకం నిధులు అయిపోయి 2022 మార్చి 22న పరీక్షల బిల్లులు తీసుకోవడం ఆపేసింది. రోగులు ఆ తేదీ తర్వాత కూడా వస్తూనే ఉన్నారు.

లెక్కలు రాయడానికి కూడా మనుషులు కావాలి. ప్రతి ఫలితాన్నీ వయసు, జాతి, చిరునామా వంటి వివరాలతో రోజూ ప్రభుత్వానికి నివేదించాలని అప్పటి చట్టం. పాటించకపోతే మొదటి రోజుకు 1,000 డాలర్లు, ఆ పైన రోజుకు 500 జరిమానా అని 2020 సెప్టెంబరులో నిబంధన వచ్చింది. శాంపిల్‌తో వచ్చిన కాగితంలో సగం వివరాలు ఉండేవి కావు. అవి సేకరించే పని డాక్టరు ఆఫీసుది, జరిమానా భయం ల్యాబుది.

విమానం ఎక్కే పరీక్ష

చాండ్లర్‌లోని తెలుగువారికి ల్యాబుతో మరో సంబంధం ఏర్పడింది. భారతదేశం 2021 ఫిబ్రవరి 22 నుంచి విదేశాల నుంచి వచ్చేవారికి 72 గంటల లోపు తీసిన ఆర్టీ-పీసీఆర్ నెగటివ్ తప్పనిసరి చేసింది. ఫలితాన్ని ఎయిర్ సువిధ వెబ్‌సైట్‌లో ఎక్కించాల్సి వచ్చేది. ఫీనిక్స్ నుంచి హైదరాబాద్‌కు ఒకటి రెండు విమానాలు మారాలి, ప్రయాణమే ఒక రోజు తింటుంది. వారాంతం మధ్యలో పడితే లెక్క ఇంకా బిగిసేది. తల్లిదండ్రులకు బాగోలేదని హఠాత్తుగా బయల్దేరేవాళ్ళకు అదే రోజు ఫలితమిచ్చే చోటు ఎక్కడుందన్నది వాట్సాప్ గుంపుల్లో నిత్యం తిరిగిన ప్రశ్న. జబ్బు కోసం చేసే పరీక్ష కాదు కాబట్టి బీమా తరచూ చెల్లించేది కాదు, జేబులోంచే పెట్టుకోవాల్సి వచ్చేది. అమెరికా కూడా ఆ జనవరి 26 నుంచి వచ్చేవారికి పరీక్ష పెట్టింది. 2022 జూన్‌లో ఎత్తేసింది.

ల్యాబుల వైపు నుంచి చూస్తే ఇది నగదు రాబడి, త్వరగా ఫలితమివ్వాలన్న ఒత్తిడి. రోగుల వరసతోపాటు ప్రయాణికుల వరస. ఓమిక్రాన్ వచ్చిన 2021 డిసెంబరులో రెండూ ఒకేసారి పెరిగాయి, పైగా ల్యాబు సిబ్బందే జబ్బుపడి ఇంట్లో ఉండిపోయారు.

తెలుగు రాష్ట్రాల్లో

పోలిక కోసం ఇటు చూస్తే సమస్య అదే, డబ్బు దారి వేరు. తెలంగాణలో తొలి కేసు 2020 మార్చి 2న బయటపడింది. నిర్ధారణకు మొదట శాంపిళ్ళు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్ళేవి. తర్వాత హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి తొలి కేంద్రాలయ్యాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరిశోధన పక్కన పెట్టి శాంపిళ్ళు చేశారు. క్షయ వ్యాధి కోసం వాడే ట్రూనాట్ యంత్రాలను ఆంధ్రప్రదేశ్ కోవిడ్‌కు మళ్ళించి జిల్లాలదాకా తీసుకెళ్ళింది. ఊరి ఆసుపత్రిలో అంతకుముందే ఉన్న యంత్రం అక్కరకొచ్చింది.

ధర విషయంలో కేంద్రం 2020 మార్చిలోనే ప్రైవేటు ల్యాబులకు 4,500 రూపాయల పరిమితి పెట్టింది. జూన్‌లో తెలంగాణ 2,200కు దించింది. అమెరికాలో చట్టం బీమా కంపెనీ చేత ల్యాబు అడిగినంత ఇప్పించింది. ఇక్కడ ప్రభుత్వం ల్యాబు చేత తాను చెప్పినంతకే చేయించింది. అక్కడ 850 డాలర్ల బిల్లు పుట్టింది. ఇక్కడ రీయేజెంట్ దిగుమతి ధర తగ్గేదాకా ల్యాబులు గిట్టుబాటు కాదని మొరపెట్టుకున్నాయి. రోగి పక్షాన చూస్తే రెండోదే మేలని నా అభిప్రాయం. అయితే సర్కారు ల్యాబుల్లో తగినన్ని యంత్రాలు ఉన్నప్పుడే అది నిలబడుతుంది.

2023 తర్వాత

అమెరికాలో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి 2023 మే 11న ముగిసింది. 100 డాలర్ల రేటు అదే రోజుతో పోయి, పరీక్ష ధర మళ్ళీ 51 డాలర్ల దగ్గరకు వచ్చింది. అప్పటికే జనం ఇంటి కిట్లకు అలవాటుపడ్డారు. 2020 ఆగస్టులో ఐదు డాలర్లకు, పదిహేను నిమిషాల్లో ఫలితంతో అబాట్ బైనాక్స్‌నౌ మొదట క్లినిక్కుల్లో వాడకానికి వచ్చింది, ఆ తర్వాత ఇళ్ళకు చేరింది. 2022 జనవరి నుంచి ప్రభుత్వం ఇంటికే ఉచితంగా కిట్లు పంపింది. పాజిటివ్ వచ్చినా ఆ ఫలితం ఏ ల్యాబు లెక్కలోకీ ఎక్కదు.

యంత్రాలు మాత్రం ఆసుపత్రుల్లో ఉండిపోయాయి. వీటిలో చాలా వాటిని ల్యాబులు కొనలేదు. కంపెనీ యంత్రాన్ని ఊరికే పెట్టి, నాలుగైదేళ్ళపాటు ఏటా ఇంత రీయేజెంట్ కొంటామని ఒప్పందం రాయించుకుంటుంది. 2020లో పరీక్షలు పొంగిపొర్లుతున్నప్పుడు రాసిన సంఖ్యలు 2023లో బరువయ్యాయి. ఆ ఖాళీని నింపుకోవడానికి ల్యాబులు కోవిడ్, ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ (ఒక శ్వాసకోశ వైరస్) మూడూ ఒకే స్వాబుతో చేసే పరీక్షల వైపు మళ్ళాయి. 2022 శరదృతువులో పసిపిల్లల్లో ఆర్‌ఎస్‌వీ ఉధృతంగా వచ్చినప్పుడు అవి ఉపయోగపడ్డాయి. మెడికేర్ పట్టికలో అలాంటి మిశ్రమ పరీక్ష ధర సుమారు 142 డాలర్లు. బయటి రోగికి మూడింటి అవసరమూ నిజంగా ఉందా అని బీమా కంపెనీలు ఇప్పుడు ప్రతి సీజన్‌లో ఆరా తీస్తున్నాయి, కాదని తోచిన బిల్లులు వెనక్కి పంపుతున్నాయి.